బాక్స్ కట్టిన మాట

నా బీరువాలో ఒక శాలువా ఉంది. ముదురాకుపచ్చ రంగు, జరీ అంచు. ఒక్కసారీ కప్పుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు, పారెయ్యడానికీ చెయ్యి రాలేదు. పంజాగుట్టలో ఒక హాల్లో, నడివేసవిలో, నా ధైర్యాన్ని మెచ్చుకుంటూ దాన్ని నా భుజాల మీద కప్పారు. నాకు ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఎండకి కాబోలనుకుని పక్కనున్న పెద్దాయన ఫ్యాను నా వైపు తిప్పించాడు.

ఆ ధైర్యం ఎలాంటిదో చెప్తాను.

నేను కోస్తా నుంచి అమీర్‌పేటకి వచ్చింది గ్రూప్స్ కోచింగ్ కోసం. మైత్రీవనం చుట్టుపక్కల ఏ సందులో ఏ నోట్సు దొరుకుతుందో, ఏ జిరాక్స్ షాపులో కాగితం పల్చగా ఉంటుందో అప్పట్లో నాకు కంఠతా వచ్చు. పరీక్ష రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పోయింది. ప్రభుత్వంలో ఉద్యోగం రాలేదు గానీ ప్రభుత్వం మీద వార్తలు రాసే ఉద్యోగం వచ్చింది, ఒక తెలుగు దినపత్రికలో. "ఏదో ఒకటి, ఆఫీసుల చుట్టూ తిరగడమే కదే" అంది మా అమ్మ. అలా తిరుగుతుండగా పరిచయమైన మనిషి చాచా.

నేనే ఆయన్ని చాచా అనేదాన్ని. ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు గది ఆయనది. ఫైళ్లు దించడం, దుమ్ము దులపడం, అడిగిన వాళ్లకి అందించడం. ఇల్లు బోరబండలో. ఏళ్ల తరబడి అదే గది, అదే స్టూలు. రిటైర్ అవడానికి ఏడాది కూడా లేదు. నన్ను మొదట్లో మేడం అనేవాడు, ఒకసారి నేను వానలో తడిసి వస్తే తన కండువా ఇచ్చి తల తుడుచుకోమన్నాడు, అప్పట్నుంచి బేటీ అయ్యాను. ఆ ఆఫీసు లోపల మాత్రం మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. గోడలకు చెవులుంటాయని ఆయనకి నాకంటే బాగా తెలుసు.

ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి అమీర్‌పేట రమ్మన్నాడు. మైత్రీవనం వెనక సందులో తన దోస్తు జిరాక్స్ షాపుంది. అక్కడ ఎవరు ఏ కాగితం కాపీ తీస్తున్నారో ఎవడూ చూడడు, అందరూ పాలిటీ నోట్సే అనుకుంటారు. పొట్ట దగ్గర చొక్కాలోంచి ఆరు పేజీలు తీశాడు. మొదటి పేజీ మీద ఎర్రగా కాన్ఫిడెన్షియల్ ముద్ర.

బోరబండ వైపు ఒక బస్తీలో నల్లా నీళ్లకి చేసిన పరీక్ష రిపోర్టు అది. తాగే నీళ్లలో డ్రైనేజీ కలుస్తోందని తేల్చేశారు. చివర ఒక అధికారి చేతిరాత: పైపులు మార్చే పనికి మంజూరు వచ్చేదాకా ఇది బయటికి పోకూడదు, జనం కంగారుపడతారు.

"మా గల్లీల నలుగురు పొరగాండ్లకు కామెర్లయినయ్ బేటీ," అన్నాడు చాచా. "వాళ్ల అమ్మలు తాయెత్తులు కట్టిస్తున్నరు. నాకేమో గీ కాయిదం ఏడున్నదో తెలుసు. అన్నం లోపటికి పోతలేదు."

సమాచార హక్కు కింద అడుగుతానన్నాను. నెల రోజులు కూచోబెట్టి లేదంటారని ఆయనే నవ్వాడు. ఇలాంటివి బయటపెడితే ఏమవుతుందో నాకు తెలియకపోలేదు, అధికార రహస్యాల చట్టం నుంచి ప్రవర్తనా నియమాల దాకా కోచింగులో బట్టీ పట్టినదాన్నే. "మీకేం కాదు చాచా, నాది పూచీ," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

ఆ కాపీలు నా చేతిలో పెడుతూ ఆయన ఒక మాటన్నాడు.

"కాయిదం అబద్దం చెప్పదు బేటీ. దాన్ని పట్టుకున్నోడే చెప్తడు."

నా కోసం, ఆ క్షణంలో, ఆ సందులో పుట్టిన మాటనుకున్నాను. వెంటనే నోట్‌బుక్ తీశాను. ఆయన నా పెన్ను మీద చెయ్యి పెట్టాడు.

"కాయిదం రాస్కో. నా మాట రాయకు."

సరేనన్నాను. బస్‌స్టాప్ దాకా ఆ మాటని నోట్లో చప్పరిస్తూ నడిచి, బస్సెక్కగానే రాసేసుకున్నాను.

వార్త రాసేటప్పుడు నేను పడ్డ జాగ్రత్త అంతా ఇంతా కాదు. కాపీని కాపీగా వెయ్యలేదు, ఏ మిషన్ మీద తీశారో గీతలు పట్టిస్తాయని మొత్తం మళ్లీ టైపు చేయించాను. ఫైలు నంబరు లేదు, తేదీ లేదు, చేతిరాత ఫొటో లేదు. అంతా అయ్యాక బాక్స్ కట్టాను. బాక్స్ అంటే, వార్త మధ్యలో ఒక మాటని గీతల మధ్య పెట్టి పెద్దక్షరాల్లో వెయ్యడం. అందులో చాచా మాట పెట్టి, కింద 'ఓ ఉద్యోగి' అని రాశాను. మొదట 'కాగితం' అనే రాశాను. ఉప్పులేని పప్పులా ఉందనిపించి, దిద్ది 'కాయిదం' చేశాను.

డెస్కు ఇన్‌చార్జి పెద్దమనిషి, తొందరపడి ఏదీ అనడు. కళ్లజోడు పైకి నెట్టి అడిగాడు: "ఏమ్మా, ఈ మాట ఉండాలంటావా? తీసేద్దామా?"

"ఉండనివ్వండి సార్. వార్తకి ప్రాణమే అది."

ఆయన నా వైపు ఒకసారి చూసి పేజీ పంపేశాడు.

మర్నాటికల్లా ఆ బస్తీకి ట్యాంకర్లు వచ్చాయి. నాయకులూ వచ్చారు. నెల తిరక్కుండా రోడ్డు తవ్వి కొత్త పైపులు వేశారు. ఈ సంగతి నేను తగ్గించి చెప్పదలుచుకోలేదు. ఆ వార్త వెయ్యాల్సిందే. ఇవాళైనా వేస్తాను. నా బాధ వార్త వేసినందుకు కాదు.

రహస్య పత్రాలు దొంగిలించారంటూ పోలీసులకి ఫిర్యాదు వెళ్లింది. నన్ను విచారణకి పిలిచారు. మా పేపరు లాయరు వెంట వచ్చాడు. "ప్రజాప్రయోజనం మనవైపుంది, మీరు భయపడకండి. కానీ చట్టంలో మీకు ఇనప కవచమేం లేదు, కోర్టు గట్టిగా అడిగితే సోర్స్ పేరు చెప్పాల్సి రావచ్చు," అన్నాడు. చస్తే చెప్పనన్నాను. దారిపొడవునా జైల్లో ఉన్నట్టు ఊహించుకున్నాను, నిజం చెప్పాలంటే ఆ ఊహ కాస్త బాగానే ఉంది.

ఎదురుగా కూర్చున్న అధికారి నాకు మంచినీళ్లిచ్చాడు. నేను ఇంకా గొంతు సవరించుకుంటూనే ఉన్నాను, "నా సోర్స్ పేరు చెప్పడం నా వృత్తి ధర్మానికి..." అని మొదలుపెట్టాను.

"అక్కర్లేదమ్మా," అన్నాడు.

బల్ల మీద మా పేపరు కటింగు పెట్టాడు. బాక్స్ చుట్టూ ఎర్ర ఇంకుతో గీత.

"గా ఆఫీసుల టీ తాగినోడెవనికైనా గీ మాట ఎవలదో ఎరుకే. పొద్దున పేపర్ విప్పంగనే సెక్షన్ సెక్షన్ నవ్వుకున్నరంట. ఎవరన్న ఫైల్ అడిగితే చాలు, రికార్డు రూం పెద్దాయన గిదే అంటడంట. ఇయ్యాల్టిది కాదు, ఏండ్ల సంది."

నాకోసం పుట్టిన మాట! నేను ఆ మంచినీళ్లు తాగాను. పేరు చెప్పనని భీష్మించుకుని కూర్చున్న నేను, పేరు కంటే ముందే గొంతు అప్పగించేశాను. అదీ పెద్దక్షరాల్లో, బాక్స్ కట్టి.

బయటికొచ్చాక లాయరు భుజం తట్టాడు. నేను పేరు చెప్పలేదని మర్నాడు మా పేపర్లోనే వేశారు. మిగతా వాళ్లూ రాశారు. అధికారి చూపించిన కటింగు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. చాచాకి ఒకే ఒక్కసారి ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. నిజం ఒప్పుకుంటున్నాను, ఆ మాట వినగానే హమ్మయ్యని ఊపిరి పీల్చుకున్నాను.

నా మీద ఫిర్యాదు కొన్నాళ్లకి చల్లారిపోయింది. ఆయన మీద శాఖాపరమైన విచారణ మాత్రం చల్లారలేదు. పెన్షనులో కోత పెట్టి, నెలలు మిగిలుండగానే ఇంటికి పంపించారని ఎర్రమంజిల్‌లోనే ఎవరో అన్నారు. విని, ఇంకో వార్త పనుందంటూ లేచి వచ్చేశాను.

రెండేళ్ల తర్వాత పంజాగుట్టలో ఆ సభ. 'రహస్య పత్రాలు - పత్రికల బాధ్యత.' ఒక రిటైర్డ్ అధికారి మాట్లాడుతూ, ఇవాళ నీళ్ల రిపోర్టు వేశారు, రేపు సరిహద్దు మ్యాపు వేస్తారు, దొంగిలించిన వాడికి శిక్ష ఉన్నప్పుడు అచ్చేసిన వాడికి ఎందుకుండదని నిలదీశాడు. ఒక లాయరు లేచి, రహస్యం అనే ముద్ర దేశం కోసం వేశారా, తమ తప్పు కప్పిపుచ్చుకోవడానికి వేశారా అది చూడాలన్నాడు. ఇద్దరికీ చప్పట్లు పడ్డాయి. ఇద్దరూ చెప్పిందాంట్లో నిజముంది. కానీ వాళ్ల వాదనంతా అచ్చెయ్యాలా వద్దా అన్న దగ్గరే తిరుగుతోంది. తెచ్చిచ్చిన మనిషిని అచ్చేసినవాళ్లు ఎలా చూసుకోవాలో ఎవరూ అడగడం లేదు. అడగొద్దని నేను లోపల మొక్కుకుంటున్నాను.

తర్వాత నాకు శాలువా కప్పారు. మా వెనక కట్టిన ఫ్లెక్సీ మీద, నా తల పైన, చాచా మాట. కింద ఎవరి పేరూ లేదు.

ఆఖరి వరసలోంచి ఒక లా చదివే అమ్మాయి లేచింది.

"మేడం, మీరు పేరు చెప్పలేదు, సరే. ఆయనకేమైంది?"

"సోర్స్ గురించి మాట్లాడకపోవడమే మా వృత్తి ధర్మం," అన్నాను.

హాలంతా చప్పట్లు. ఆ అమ్మాయి కూడా కొట్టింది. చేసిన పాపానికి సన్మానం అందుకోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే అమీర్‌పేట వెళ్లాను. ఆయన ఇల్లెక్కడో కనుక్కుందామని దోస్తు జిరాక్స్ షాపుకి వెళితే, మిషన్ దగ్గర చాచాయే ఉన్నాడు. ఎవరిదో పాలిటీ నోట్సు కాపీలు తీస్తున్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది.

"అరే బేటీ! రా, కూసో," అని స్టూలు జరిపాడు. టీ చెప్పాడు. నేను కూర్చోలేదు.

"క్షమించమని అడగడానికొచ్చాను చాచా. మీ పేరు నేను ఎక్కడా చెప్పలేదు, ఒట్టు. కానీ..."

"ఎరుకే. పేరు చెప్పలే. గొంతు చెప్పినవ్."

కోపంగా అనలేదు. అదే భరించలేకపోయాను. రోడ్డు మీద కోచింగ్ పిల్లలు చూస్తున్నా ఏడ్చేశాను. ఆయన మిషన్ ఆపి, నా ఏడుపు తగ్గిందాకా ఆగాడు.

"విచారణలో మీది కాదని అనొచ్చు కదా చాచా? రుజువేముంది వాళ్ల దగ్గర?"

"ఎట్లంటా? గీ మాట నీదేనా, రాసియ్యి అన్నరు. కాయిదం మీద అబద్దం రాయమంటవా నన్ను?"

ఆయన జరిపిన స్టూలు మీద అప్పుడు కూర్చున్నాను.

"ఫికర్ చెయ్యకు. నల్లాల మంచి నీళ్లొస్తున్నయ్. పొరగాండ్లు మస్తుగున్నరు, నా నెత్తి మీద ఎక్కి ఆడుతున్నరు. నాకు ఒక్కటే కష్టం." కాసేపు కాగితాలు సరిచేశాడు. "గా మాట ఇప్పుడు నా నోట్లకెళ్లి వస్తలేదు బేటీ. అందామంటే గా పేపరే కండ్ల ముందట కనవడతది. అందరంటున్నరు. నేనే అంటలేను."

ఆయన ఉద్యోగం పోయిందనే ఇన్నాళ్లూ కుమిలాను. ఆయన మాట కూడా ఆయనకి లేకుండా చేశానని అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

వెళ్లేముందు చెప్పాను, ఇదంతా ఎప్పటికైనా రాస్తానని, తప్పు నాదేనని అందరికీ తెలిసేలా రాస్తానని.

"రాస్కో," అన్నాడు మిషన్ ఆన్ చేస్తూ. "నీ తప్పు నువ్వు రాస్కో. జర నా మాట రాయకు."

అందుకే ఒక సంగతి చెప్పి ముగిస్తాను. కాగితం గురించి చాచా అన్నట్టు ఇందులో మీరు చదివిన మాట ఆయనది కాదు. అర్థం కాస్త అటూ ఇటూగా అదే, మాటలు నావి. ఆయన అసలు మాటంత బాగా లేదు. రాసేటప్పుడు మూడుసార్లు దీన్ని కొట్టేసి అసలుది పెట్టాను, మూడుసార్లూ మళ్లీ తీసేశాను. ఆ రోజు డెస్కులో ఇదే పని చెయ్యడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది.