లేచిపడే రైలు పంచాయితీ

దవాఖానలో నవ్వడమూ ప్రార్థన మధ్యలో ఈల వేయడమూ ఒకటేనని నేను గట్టిగా నమ్మిన రోజులవి. డెబ్బైల మొదట్లో, నర్సు శిక్షణ ముగించుకుని, గోదావరిఖని దగ్గర గని కార్మికుల దవాఖానలో కొత్తగా చేరాను. నా యూనిఫారం కుట్టిన దర్జీ నేను ఎప్పటికైనా లావెక్కకపోతానా అనే ఆశతో కుట్టాడేమో, అందులో నాలాంటిది ఇంకొకతె హాయిగా పట్టేది. తలమీది టోపీకి ఎన్ని పిన్నులు పెట్టినా మధ్యాహ్నానికల్లా చెవి మీదికి జారేది. ఈ ఆకారానికి ఎవరూ భయపడరని తెలిసి, ఆ లోటును ముఖంతో పూడ్చుకోవాలని కనుబొమలు ముడేసుకుని తిరిగేదాన్ని. (మా అమ్మ ఒకసారి నాకు అన్నం తెచ్చి, దూరం నుంచి నన్ను చూసి, "పిల్లకు కడుపుల నొస్తున్నట్టుంది" అని మా నాన్నతో చెప్పిందట.)

నాకు అప్పగించింది మగవాళ్ల ఎముకల వార్డు. తలగడ గలీబులను ఎన్నిసార్లు ఉడకబెట్టినా బొగ్గు మరక పోయేది కాదు. బాయిలో, అంటే గనిలో, కప్పు కూలినా, బొగ్గు మోసే ఇనుప టబ్బు గుద్దినా, మనిషి మిగిలితే మా వార్డుకు వచ్చేవాడు. మిగలకపోతే మా వరండా మీదుగానే వెనక గదికి, శవాల గదికి, పోయేవాడు. ఆ తోపుడు బండి చక్రాల చప్పుడు వినపడగానే వార్డు మొత్తం మాట ఆపేది. చప్పుడు దూరమయ్యాక ఎవరో ఒకరు "ఏ బాయి?" అని అడిగేవారు. జవాబు తెలిశాక తమ బాయి కాదని కొందరు ఊపిరి వదిలేవారు, తమ బాయే అయినవాళ్లు గోడ వైపు తిరిగేవారు. అక్కడ నా ముడేసిన కనుబొమలు ఎవరికీ పట్టలేదు. నేను సూది పట్టుకుని పోతే, "చిన్న సిస్టరమ్మ అచ్చింది, లుంగీలు సర్దుకోండ్రి" అనేవారు, అంతే.

ఆ వేసవిలో వార్డులో ముగ్గురు మాటకారులు పక్కపక్క మంచాల మీద పడ్డారు. ఒకరు కాక. బాయిలో బండ కూలి తుంటి విరిగిన పెద్దమనిషి. కాలికి కట్టిన తాడు మంచం చివర కప్పీ మీదుగా పోయి ఇసుక సంచితో వేలాడేది, ఆయన కదలడానికి లేదు. రెండోవాడు బొంబాయి అన్న. కొన్నేళ్లు బొంబాయి మిల్లులో చేసి వచ్చి బాయిలో చేరి, చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మూడోవాణ్ని అందరూ బావ అనేవారు. అతని కాలు బాయిలో విరగలేదు. బసంత్‌నగర్‌లో అత్తగారింటికి పోయి, అక్కడ జాతరలో నిలువుగా తిరిగే పెద్ద రాట్నం ఎక్కి, అది ఆగకముందే దిగబోయి విరగ్గొట్టుకున్నాడు. చుట్టూ బొగ్గు కింద నలిగిన మనుషులు, మధ్యలో తను. "నీకేమైంది?" అని కొత్తవాళ్లు అడిగినప్పుడల్లా పాపం దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు.

నాలుగో మంచం మీద, కిటికీ పక్కన, ఒక కుర్రవాడు ఉండేవాడు. తమ్ముడనే పిలిచేవాళ్లం. కమాన్‌పూర్ దగ్గర పల్లె, బాయిలో బొగ్గు నింపే పని. పాదం నలిగిపోయి వచ్చాడు. కాలు రంగు మారుతోందని, మోకాలి కింద తీసేయకపోతే విషం ఒళ్లంతా పాకి ప్రాణం పోతుందని డాక్టరు చెప్పాడు. తమ్ముడు ఒప్పుకోలేదు. "కాలు లేని బతుకు నాకద్దు" అన్నది అతని ఆఖరి మాట. ఆ తర్వాత తిండి లేదు, పలుకు లేదు, కిటికీ వైపు తిరిగి పడుకునేవాడు. అతని అవ్వ, కన్నతల్లి, మంచం పక్కన నేలమీద కూర్చుని, కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని, "ఒక్క బుక్క తిను కొడుకా" అంటూ ఉండేది. ముద్ద ఎండిపోయేది. మళ్లీ కలిపేది. జ్వరం రోజురోజుకూ పెరుగుతోంది, కట్టు విప్పితే వాసన వస్తోంది. నేను ముఖం తిప్పకుండా కట్టు కట్టి, బయటికి పోయి వాంతి చేసుకుని వచ్చేదాన్ని.

అలాంటి ఒక మధ్యాహ్నం బొంబాయి అన్న తన రైలు సంగతి ఎత్తాడు. బొంబాయి ఎగ్జిబిషన్‌లో ఒక రైలు ఉందట. పట్టాలు గుట్టలెక్కి దిగినట్టు ఉంటాయట, ఆకాశానికి లేచి దభేలున కింద పడుతుందట. (అతను నిజంగా ఎక్కాడో, చూశాడో, ఎవరైనా చెప్తే విన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.)

"గా లేచిపడే రైలు ముంగట మీ జాతర రాట్నమెంత?" అన్నాడు బావను చూసి.

బావకు రోషం వచ్చింది. తన కాలు విరగ్గొట్టిన రాట్నాన్ని ఇంకొకడు తక్కువ చేస్తే ఓర్చుకోలేకపోయాడు. "నువ్వెక్కినవో లేదో ఎవడు జూసిండు? నా రాట్నం మాత్రం నిజం. గీ పిండికట్టు జూడు!"

ఇద్దరి గొంతులూ లేచాయి. అప్పుడు కాక, పైకప్పు చూస్తూనే, నెమ్మదిగా అన్నాడు. "లొల్లి జేస్తే తేలదు. ఈ పదేళ్లల్ల అన్నిట్ల గొప్ప బండి ఏది, పంచాయితీ పెడదాం. ఎత్తెంత, జోరెంత అని గాదు. ఎక్కకముందు ఒక మనిషి, దిగినంక ఇంకో మనిషి కావాలె. గసొంటిది ఏదో చెప్పుండ్రి. సిస్టరమ్మ తీర్పు చెప్తది. ఆమెకు ఎవ్వల పక్షం లేదు. అందరికి ఒక్కతీర్గనే సూది వొడుస్తది."

నేను కోప్పడి పోవలసింది. పోలేదు. జీవితంలో మొదటిసారి ఎవరో నన్ను పెద్దమనిషిని చేశారు! స్టూలు లాక్కుని నడుమ కూర్చుని, థర్మామీటరు డబ్బాతో మంచం కోడు మీద కొట్టి, "ఒక్కొక్కలు మాట్లాడుండ్రి" అన్నాను. ఆ గొంతు నాకే కొత్తగా వినిపించింది.

బొంబాయి అన్న లేచి నిలబడ్డాడు. "ఎక్కకముందు నేను దేవుడు లేడు అనేటోన్ని, సిస్టరమ్మా. గది పైకెక్కి కిందికి జారినప్పుడు, మా ఊరి పోచమ్మ నుంచి మీ యేసయ్య దాక అందర్ని పేరు పెట్టి పిల్సిన. గప్పటి సంది నాస్తికం బంద్."

"నేను ఎక్కకముందు రెండు కాళ్ల మీద నడిచిన," అన్నాడు బావ. "దిగినంక నాలుగు కాళ్ల మంచం మీద వడ్డ. గింతకన్న మారుడేముంటది?"

వార్డంతా నవ్వింది. నేను పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాను. తమ్ముడు మాత్రం కదల్లేదు. కాక అతని వైపు ఒకసారి చూసి, మళ్లీ నన్ను అడిగాడు. "బిడ్డా, నువ్వేమేమి ఎక్కినవు?"

ఆలోచించాను. ఎడ్లబండి, బస్సు, రామగుండం స్టేషన్లో ప్యాసింజరు. అదే చెప్పాను.

"ఎక్కనామె తీర్పెట్ల చెప్తది?" అని బావ అడ్డం తిరిగాడు. "చెల్లదు!"

"ఎక్కిత్తే అయిపాయె!" అన్నాడు బొంబాయి అన్న.

మా వరండా చివర, తమ్ముడి కిటికీకి ఎదురుగా, స్ట్రెచర్లు దించడానికి సిమెంటు వాలు ఒకటి ఉండేది. దాని పైన ఒక చక్రాల కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. తీర్పు చెప్పే హక్కు పోతుందన్న భయంతో నేను ఆ కుర్చీలో ఎలా కూర్చున్నానో ఇప్పటికీ అర్థం కాదు. మెల్లగా పట్టుకుని దించుతానన్నాడు బొంబాయి అన్న. ఒంటి చేత్తో పట్టుకున్నాడు. సగం వాలు దాకా అతని చెయ్యి ఉంది. ఆ తర్వాత లేదు.

నేను పెట్టిన కేక మందుల గది దాకా వినపడిందట. కుర్చీ కిందికి దూసుకుపోయి, ఎదురుగా ఉన్న మొక్కల కంచెను గుద్ది, అక్కడే ఆగింది. నేను ఆగలేదు. కంచె అవతల, వంటగది వాళ్లు ఆరబెట్టిన గిన్నెల మధ్య బోర్లా పడ్డాను. గిన్నెలు ఒకదాని వెనుక ఒకటి చాలాసేపు మోగాయి.

మొదట వినపడింది పెద్ద సిస్టరు గొంతు. ఆమెది కేరళ, ఆమె తెలుగుకు వణకని డాక్టరు లేడు. "ఇది ఏమి? ఇది దవాఖానయా, సర్కస్సా? నీవు నర్సా, కోతియా?" నేను జుట్టులో ఆకులు ఏరుకుంటూ లేచాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అమ్మ ముఖం, నాన్న ముఖం కళ్ల ముందు తిరిగాయి.

అప్పుడు ఆ కిటికీలోంచి ఇంకో చప్పుడు వచ్చింది. పొడిగా, దగ్గులాగా. అవ్వ కంగారుగా "సిస్టరమ్మా, సిస్టరమ్మా!" అని పిలిచింది. ఏదో అయిపోయిందనుకుని నేను పరుగెత్తాను, నా వెనుక పెద్ద సిస్టరు. తీరా చూస్తే తమ్ముడు నవ్వుతున్నాడు. నవ్వడం మరచిపోయిన గొంతుతో, కళ్లవెంట నీళ్లు కారుతుంటే, ఆగకుండా నవ్వుతున్నాడు. వార్డు మొత్తం అతన్నే చూస్తోంది.

నవ్వు ఆగింది కానీ నీళ్లు ఆగలేదు. "అక్కా, నువ్వు మస్తు కేక వెట్టినవ్," అన్నాడు. "నేనైతే వెట్టలే. గొంతు లేవలే."

అతనే చెప్పుకుపోయాడు.

"షిఫ్టు అయినంక పైకి నడుసుడు ఎంత కష్టమో మీకెరికే. నేను, నా జోడీదారు ఆఖరి టబ్బు ఎక్కి కూసున్నం. ఎక్కద్దని ఎరికే, అందరు ఎక్కుతరు. సగం దాక అచ్చినం. టబ్బులను పైకి గుంజే రోపు తెగింది. అన్ని టబ్బులు ఎనుకకు మర్లినయ్. దీపం ఆరిపోయింది. వాడు దుంకుదాం రా అని నా చెయ్యి వట్టి గుంజిండు. నేను ఇడిపిచ్చుకున్న. వాడు దుంకిండు. గోడకు గొట్టుకున్న సప్పుడిన్న. నేను పట్టుకోనే ఉన్న. కింద టబ్బు పల్టీ గొట్టేదాక పట్టుకోనే ఉన్న." కాక వైపు తిరిగాడు. "మీ పంచాయితీల నాది గెలుస్తది కాకా. దిగినంక మనిషి మారాలె అన్నవు గదా. నేను ఇంక దిగనేలేదు. కండ్లు మూస్తే దాని మీదనే ఉంట."

అవ్వ చేతిలోని ముద్ద జారి పళ్లెంలో పడింది. బావ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు, ఈసారి సిగ్గుతో కాదు. బొంబాయి అన్న తల వంచుకున్నాడు. వాళ్ల రాట్నాలూ రైళ్లూ ఆ క్షణంతో ముగిసిపోయాయి, మళ్లీ ఎప్పుడూ వాటి మాట ఎత్తలేదు.

కాక మాత్రం పైకప్పు వైపే చూస్తూ అన్నాడు, "అయితే దిగు బిడ్డా. దిగెతందుకు ఒక్క కాలు చాలు."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. అంత క్రూరమైన మాట రోగితో అనవచ్చా అని నోరు తెరిచాను. పెద్ద సిస్టరు నా భుజం పట్టి ఆపింది. తమ్ముడు చాలాసేపు కాక వైపు చూశాడు. కదలలేని ఆ మనిషి కాలికి వేలాడే ఇసుక సంచి వైపు చూశాడు. తర్వాత అవ్వను చూసి, "డాక్టరును పిలువమను," అన్నాడు. డాక్టరు కోసం పెద్ద సిస్టరే పోయింది. నడుస్తూ పోవడం కాదు, పరుగెత్తింది. ఆమె పరుగెత్తడం నేను అదొక్కసారే చూశాను.

మరునాడు ఉదయం కాలు తీసేశారు. తమ్ముడు బతికాడు. తర్వాత అతనికి పైన, బాయిలోకి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే గదిలో పని ఇచ్చారు. (కాక ఆ వానాకాలం దాటలేదు. ఊపిరితిత్తుల నిండా బొగ్గు, పడుకుని పడుకుని జ్వరం వచ్చింది. వెనక గదికి తీసుకుపోతుంటే ఎవరూ "ఏ బాయి?" అని అడగలేదు.) నేను తీర్పు చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు. కుర్చీ చక్రం వంచినందుకు, గిన్నెలు సొట్టలు చేసినందుకు పెద్ద సిస్టరు నన్ను ఇంగ్లీషులో, మలయాళంలో, తన తెలుగులో విడివిడిగా తిట్టింది.

ఆపరేషన్ అయిన మూడోనాడో నాలుగోనాడో, మధ్యాహ్నం వార్డంతా కునుకు తీస్తుండగా తమ్ముడు నన్ను పిలిచాడు. "అక్కా, అరికాలు బాగ దురద వెడుతున్నది."

"ఏ అరికాలు?" అన్నాను.

"గదే. లేనిది."

నా శిక్షణలో ఈ పాఠం లేదు. అతని ముఖంలో మాత్రం ఆ దురద నిజంగానే ఉంది. కనుబొమలు ముడేసుకుని, స్టూలు దగ్గరికి జరుపుకుని, కట్టు ముగిసిన చోటికి కింద, పాదం ఉండవలసిన చోట, ఖాళీ దుప్పటిని గోళ్లతో గోకడం మొదలుపెట్టాను.

"ఇంకింత కిందికి," అన్నాడు. కిందికి గోకాను. "బొటనేలు కాడ." అక్కడ గోకాను. అతను మెల్లగా కళ్లు మూసుకున్నాడు.

తల ఎత్తితే గుమ్మంలో పెద్ద సిస్టరు నిలబడి ఉంది. బట్టను గోకుతున్న నన్ను చూసింది, నిద్రపోతున్న అతన్ని చూసింది. ఈసారి ఏ భాషలోనూ ఒక్క మాట అనలేదు. నా చేతిలో ఉండవలసిన మందుల పళ్లెం తనే తీసుకుని, మిగతా మంచాల వైపు పోయింది.

ఇప్పుడు నా మోకాళ్లే నన్ను మోయనంటున్నాయి. కూర్చున్నచోట అప్పుడప్పుడు వదులు యూనిఫారంలోని ఆ పిల్ల గుర్తొస్తుంది. అతను నిద్రపోయాక కూడా, లేని వేళ్లను ఒక్కటీ వదలకుండా, చిటికెన వేలిదాకా అంత శ్రద్ధగా గోకి లేచిన ఆ పిచ్చిపిల్ల. నవ్వొస్తుంది.