సీజను దాటిన ఊరు

ఆ లాడ్జికి వచ్చేవాళ్ళందరికీ అదో జబ్బు. బస్సు దిగి, సముద్రపు గాలి ఒంటికి తగలగానే "హమ్మయ్య, ఇంటికొచ్చినట్టుంది" అంటారు. ఇల్లట! నాలుగు రోజులుండి, తువ్వాళ్ళన్నీ తడిపి పారేసి, కాళ్ళ ఇసకంతా మంచం మీద దులిపి పోయే చోటు ఇల్లెలా అవుతుంది? తాళాలమ్మ మాత్రం ఎవరినీ ఏమీ అనేది కాదు. నవ్వి, గది తలుపు తీసేది.

ఆవిడ అసలు పేరు యజమానికైనా గుర్తుందో లేదో. ఎనిమిది గదుల తాళాలూ ఇరవై రెండేళ్ళుగా ఆవిడ నడుముకే ఉన్నాయి. భర్త పోయిన ఏడాది పనిలో చేరితే మెట్ల కింద గది ఇచ్చారు. సీజనంతా ఊపిరి సలపదు. వానలు పట్టగానే యజమాని పట్నం వెళ్ళిపోతాడు, వీధిలో దుకాణాలన్నీ షట్టర్లు దించేస్తాయి. ఇక ఐదు నెలలు ఆవిడా, గోడల చెమ్మా. ఎప్పుడైనా పాలవాడితో మాట్లాడితే తన గొంతు తనకే కొత్తగా ఉండేది.

నాలుగో గది మాస్టారూ, ఆయన భార్యా పదిహేడేళ్ళుగా ఏటా వచ్చి పది రోజులుండేవారు. పోతూ పోతూ తమ టేబుల్ ల్యాంపు, రెండు కప్పులు, కుర్చీలో వేసుకునే దిండు వదిలేసి పోయేవారు. తాళాలమ్మ వాటిని స్టోర్లో పడెయ్యకుండా తన గదిలోనే దాచేది. వాళ్ళొచ్చే రోజు పొద్దున్నే తీసి, ఏది ఎక్కడుండేదో అక్కడే పెట్టేది. మాస్టారి భార్య లోపలికి రాగానే, చూశారా, మనిల్లు మనల్ని మర్చిపోలేదు అని మురిసిపోయేది. గోడలకేం గుర్తుంటుంది, గుర్తుపెట్టుకునే మనిషుండబట్టి గానీ!

ఈ ఏడు సీజను ఆఖర్న మాస్టారొక్కరే దిగారు. భార్య పోయి నాలుగు నెలలయిందట. లాడ్జిలో గదులూడ్చే మనిషికి కబురు పెట్టాలని ఎవరికి తోస్తుంది? బల్ల మీద అప్పటికే రెండు కప్పులూ పెట్టేసి ఉన్నాయి. వాటిని చూసి ఆయన మంచం మీద కూలబడిపోయారు. తాళాలమ్మ చచ్చేంత సిగ్గుపడి, ఒక కప్పు కొంగుచాటున పెట్టుకుని బయటికొచ్చేసింది.

మర్నాడు ఆయనే కిందికి దిగి వచ్చారు.

"ఇక ఇక్కడే ఉండిపోతానమ్మా. మాకు ఇల్లంటూ ఉంటే ఇదే."

ఈసారి ముందే పట్నం వెళ్ళిపోయిన యజమాని ఫోన్లో సరేనన్నాడు. తాళాలమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆయన దుఃఖం కంటే తన సంతోషమే ఆవిడకు ముందు తోచింది. వానాకాలంలో ఇంకో మనిషి! టీ ఇద్దరికి పెట్టొచ్చు. పైన ఎవరో నడుస్తున్న చప్పుడు వినొచ్చు. తను కప్పుకునే మందపాటి దుప్పటి తీసుకెళ్ళి ఆయన మంచం మీద పరిచింది.

వానలు మొదలయ్యాయి. మొదటి రెండు రోజులూ మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని ఎంత బాగుందో అన్నారు. మూడో రోజు ఎప్పుడూ భోంచేసే హోటలుకి వెళ్ళి, షట్టరు చూసి, తడిసి ముద్దై తిరిగొచ్చారు. ఉతికిన చొక్కా ఎన్నాళ్ళయినా ఆరదు. కరెంటు పోతే పూటకి గానీ రాదు. వీధిలో పలకరిద్దామంటే నరపురుగు లేదు. తాళాలమ్మ వంట చేసి పెట్టింది, తనకు తెలిసిన కబుర్లన్నీ చెప్పింది. ఆయన ఊ కొట్టేవారు. మధ్యలో పట్నం బస్సు ఎన్నింటికని అడిగేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ లేచి ఇంకోసారి టీ పెట్టేది.

తొమ్మిదో రోజు పొద్దున సంచితో దిగారు.

"ఇన్నేళ్ళూ మేం వెళ్ళిపోయాక నువ్వు ఇలాగే ఉండేదానివా, అమ్మా?"

"ఇల్లు కదండీ. బాగోలేదని ఎక్కడికి పోతాం?"

అనేసి నాలిక్కరుచుకుంది. ఎత్తిపొడవాలని కాదు, ఉన్నమాటే అంది. ఆయన తల వంచుకుని చెప్పులు తొడుక్కున్నారు. ఉండండి అని ఒక్క మాట అడిగేస్తే పోయేది. ఏ హక్కుతో అడుగుతుంది? గొడుగు పట్టి బస్టాండు దాకా నడిచింది.

బస్సు కదిలాక ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపారు.

"ఇంటికెళ్ళగానే ఫోన్ చేస్తానమ్మా!"

"అలాగేనండీ," అంది తాళాలమ్మ.