బావి చుట్టూ కంప

నా చిన్నప్పుడు మా నాయనమ్మ మీద నాకొక అనుమానం ఉండేది. ఏది పంచినా ఆమె చెయ్యి మా అన్న వైపే మొగ్గుతుందని. కోడికూరలో కాలు ముక్క వాడిది, పెరుగు మీద మీగడ వాడిది. అనుమానమేమిటి, నిజమే.

తెలంగాణ రావడానికి ముందు ఏడాది, ఎల్లారెడ్డి దగ్గర మా పొలంలో ఉన్న గుండ్రటి బావిలో మేకపిల్ల పడబోయింది. చుట్టూ తుమ్మకంప వేయాలన్నాడు మా బాపు, అంటే నాన్న. సాగు నేల పోకూడదని నాలుగు గీతలనూ బావి గోడకు ఆనించి ముగ్గుపిండితో గీశాడు. పక్క గట్లు వంకర కాబట్టి నాలుగూ నాలుగు పొడవులు వచ్చాయి. అన్నా నేనూ ఇద్దరిలో తన వంతు ముందు పూర్తిచేసినవాళ్లను నిజాంసాగర్ గేట్లు చూపించడానికి తీసుకుపోతానన్నాడు. బండి మీద బాబాయి కూడా ఎక్కుతాడు కనుక చోటు ఒక్కరికే.

పంచింది నాయనమ్మ. ఎదురెదురు వైపులు రెండూ అన్నకు, మిగిలిన రెండూ నాకు. అన్నిటికన్నా పొట్టి వైపు అన్నకు పోయిందని చూడగానే నాకు ఒళ్లు మండింది. అన్నిటికన్నా పొడుగుది కూడా వాడికే వచ్చిందన్న సంగతి నా కంటికి ఆనలేదు. కంప కింద పడేసి ఏడుపు లంకించుకున్నాను.

నాయనమ్మ తిట్టలేదు. చేదతాడు తెచ్చి, రెండు గీతలు కలిసే ఒక మూలలో నన్ను కొస పట్టుకోమంది. అక్కణ్ణుంచి గీత బావికి తగిలే చోటిదాకా తాడు చాచి, అదే తాడును రెండో గీత మీదికి తిప్పింది. అక్కడా సరిగ్గా బావికి తగిలే చోటికే వచ్చింది. అటు అన్న వంతు, ఇటు నా వంతు. నాలుగు మూలల్లోనూ అంతే. ప్రతి మూలా ఇద్దరికీ సమానంగానే పెట్టింది, కలిపితే ఇద్దరి పొడవూ ఒకటే. బడి మొహం చూడని ఆమె, పెళ్లైన కొత్తలో ఇదే బావి దగ్గర తోడికోడలితో తగువుపడి ఈ లెక్క నేర్చుకుందట.

"కాలు ముక్క వానికేసిన మాట నిజమే బిడ్డా. గీడ మాత్రం సమానమే పంచిన. ముందుగాల కొలువు, కొలిచినంక ఒర్రు. నీకు ఎక్కువ పని పడ్డదంటే, నేను గూడ నీతోటి ఒర్రుత" అంది.

మేము తాడు తిప్పేలోపు అన్న సగం కంప వేసేశాడు. నిజాంసాగర్ వాడే పోయాడు. నాకు కుళ్లు వచ్చింది కానీ ఏడుపు రాలేదు.

ఇప్పుడు కామారెడ్డిలో నేను పనిచేసే చోట పని పంచితే ముందు కొలుచుకుంటాను. సరిపోతే నోరు మూసుకుని చేస్తాను. ఎక్కువైతే ఒర్రుతాను, గట్టిగా అరుస్తాను. నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. అయినా అరిచిన ప్రతిసారీ, నా పక్కన ఇంకో గొంతు ఉన్నట్టే ఉంటుంది.