ఒంటికన్ను మొక్కు

ఆ రోజుల్లో మా కొండదారిలో రాళ్ల కుప్ప కనబడితే ఎవరూ ఊరికే దాటిపోయేవారు కాదు. ఒక రాయి, ఒక ఆకుకొమ్మ వేసి, సామి అని దండం పెట్టి కదిలేవారు. ఆ కుప్ప ఎవరు పేర్చారని అడిగే అలవాటు మాకు లేదు. (అడిగి ఉంటే నాకు ఇంత కష్టం వచ్చేది కాదు.)

నేను అత్తవారింటికి వచ్చిన మొదటి ఎండాకాలం అది. మామిడి కొత్తల పండక్కి కొండ అవతల ఉన్న పుట్టింటికి పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. అత్త ఒప్పుకోవడం లేదు. తునికాకు కోయడానికి కొండ కొనదాకా పోతే, అక్కడ నడుమెత్తు కొత్త కుప్ప, దాని మధ్యలో జెండా కర్ర. సామికి జెండా కూడా వచ్చిందని మురిసిపోయి, రాయి వేసి, అత్త మనసు మారిస్తే కోడిని ఇస్తానని మొక్కాను. ఆ సాయంత్రమే అత్త "సరే, పోయిరా" అంది. ఉండబట్టలేక మొక్కు సంగతి చెప్పేశాను. అత్త దాన్ని ఊరంతా చెప్పింది. ఇంకేం, ఆడవాళ్లంతా కొండెక్కారు. రాళ్లు పెరిగి, పసుపు గుడ్డలు వేలాడి, జెండా కనబడకుండా పోయింది.

నేను బయలుదేరేలోపే, కొండలూ వాగులూ కొలిచి నక్షా గీసే సర్కారు సాబు చెమటలు కక్కుతూ మా ఊరికి వచ్చాడు. ఎదుటి కొండ మీంచి దుర్భిణిలో చూస్తే ఆయన పెట్టించిన గుర్తు కనబడలేదట. హిందీ వచ్చిన మా మామను వెంటబెట్టుకుని ఎక్కాడు, వెనకే మేమూ ఎక్కాం. కుప్ప సాబుదేనని మామ చెప్పగానే అత్త నావైపు తిరిగింది.

"ఏందే, సర్కారు రాళ్లకా మొక్కినవు? సామి నా మనసు తిప్పిండనుకున్న. సామే లేకుంటే నా మాట గూడ లేదు. పయనం బంద్."

నాకు ఏడుపొక్కటే తక్కువ. సాబు మాత్రం పై రాళ్లు పక్కకు తీయించి, మూడుకాళ్ల దుర్భిణిని అక్కడే నిలబెట్టి, నడుం వంచి, ఒక కన్ను మూసుకుని కదలకుండా ఉండిపోయాడు.

"చప్పుడు చెయ్యకుర్రి. మొక్కుతుండు," అంది అత్త.

"కాదే, చూస్తుండు," అన్నాడు మామ.

"కన్ను మూసుకొని ఏం చూస్తడు?"

పోతూ పోతూ సాబు, ఈ కుప్పను ఎవరూ కదపొద్దని గట్టిగా చెప్పి పోయాడు. అత్తకు ఇక అనుమానమే లేదు. తానూ నడుం వంచి, ఒక కన్ను మూసి మొక్కింది. "పోయిరా. కోడిని మర్వకు," అంది నాతో.

ఈ వయసులో నాలుగు అక్షరాలు వచ్చాక, మొన్న పంచాయతీ గోడ మీద నక్షా చూశాను. కూడబలుక్కుంటూ మా ఊరి పేరు చదివాను. కొండ ఉన్నచోట చిన్న త్రికోణం, అది సాబు పేర్పించిన కుప్పకు గుర్తట. దాని అటువైపు నుంచి ఒక నీలి గీత నా పుట్టింటికి, ఇటువైపు నుంచి ఒకటి అత్తింటికి పారుతున్నాయి. ఏ వాగూ ఎవరినీ అడిగి కదిలినట్టు లేదు. నాకు తెలియకుండానే నడుం వంచి ఒక కన్ను మూశాను.

"ఏంది అత్తా, కంట్ల దుమ్ము పడ్డదా?" అంది పక్కనున్న నా కోడలు.

"లేదే. పండక్కి మీ అమ్మగారింటికి పోతనంటివి గదా, పోయిరా," అన్నాను. వారంగా నేను నానుస్తున్న మాట అది. కోడలు నన్నూ ఆ నక్షానూ మార్చి మార్చి చూసింది.