కంచె అవతలి ముఖం

ఆయన ఉద్యోగమంతా కాగితాల మీద ముద్రలు వేయడంలోనే గడిచింది. కాగితం రావాలి, ముద్ర పడాలి, కాగితం పోవాలి. చివరి రోజున చప్పట్లు కొట్టి ఇంటికి పంపించారు గానీ, ఇక చాలన్న సంగతి ఆయన కుడిచేతికి ఎవరూ చెప్పలేదు. అది దేన్నో ఒకదాన్ని కొట్టందే ఊరుకోలేదు. అలా సుత్తి వచ్చింది, సుత్తి వెనకే మేకులు వచ్చాయి, మేకులకు పెరటి కంచె దొరికింది.

చెక్క కంచె. ఎండకు ఒక పలక వంగేది, వానకు ఒక గుంజ ఊగేది, రెంటికీ ఆయన మేకుతోనే వైద్యం చేసేవారు. పొట్టి మేకును నమ్మరాదన్నది ఆయన సిద్ధాంతం. మిగిలిన పొడవు ఎటు పోతుందన్న ప్రశ్న ఆ సిద్ధాంతంలో లేదు. తనవైపు ఆకుపచ్చ రంగు పూసి, దారిన పోయేవాళ్ళను చెయ్యి పట్టుకు లాక్కొచ్చి మరీ చూపించేవారు. వీధి ఆయనకు 'కంచె మావయ్య' అని బిరుదిచ్చింది. ఆయన దాన్ని సన్మానంగానే స్వీకరించారు.

కంచె అవతల టైలరమ్మ ఇల్లు. గుమ్మం వెనక వీధిలో ఉండడం వల్ల ఆయన ఎన్నడూ అటు అడుగు పెట్టలేదు. మాటలు మాత్రం కంచె మీదుగా వెళ్ళేవి.

"ఏమ్మా, కంచె ఇద్దరిదీ కదా. మీ వైపు నుంచి ఒక్క చెయ్యైనా పడదా? మిషను తొక్కే కాళ్ళకు తీరిక లేదు సరే, బాగుందని ఒక మాట అనడానికి నోటికి కూడా లేదా?"

"బాగుందండీ అన్నయ్యగారూ," అనేది అవతలి గొంతు. మళ్ళీ మిషను చప్పుడు మొదలయ్యేది.

ఒక ఉదయం సుత్తి తల కర్రను వదిలి, కంచె దాటి వెళ్ళిపోయింది. ఆయన చొక్కా మార్చుకుని, వీధి చుట్టి, మొదటిసారిగా టైలరమ్మ పెరట్లోకి వెళ్ళారు.

అక్కడ కంచెకు టోపీలున్నాయి. రవిక ముక్కలతో, లైనింగు ముక్కలతో కుట్టిన బొటనవేలంత టోపీలు, లోపల దూది కూరి, మొదలు దగ్గర దారంతో బిగించి, కంచె పొడవునా బారులు తీరి ఉన్నాయి.

"ఇదేంటమ్మా, అలంకారమా?"

అరుగు మీద కూర్చున్న టైలరమ్మ తల్లికి చూపు ఆనదు గానీ, జవాబుకు కొదవలేదు.

"అలంకారమేంటి నాయనా! అవతలింటి పెద్దమనిషి మేకులు. నేను నడవాలంటే ఆ కంచె పట్టుకునే నడవాలి. చెయ్యి చీరుకుపోతే మా పిల్ల వీటిని కుట్టి తొడిగింది. ఇంతకీ నువ్వెవరు?"

"నేనేనమ్మా."

"నేనే అంటే?"

ఆయన ఒక టోపీ తీసి చూశారు. లోపల రెండంగుళాల పొడవున తన సిద్ధాంతం కనిపించింది.

"ముందే చెప్పకూడదటమ్మా?" అన్నారు టైలరమ్మతో, గొంతు తగ్గించి.

"చెబుదామనే వచ్చాను అన్నయ్యగారూ. నేను నోరు తెరిచేలోపే, మా వైపు నుంచి ఒక్క చెయ్యైనా పడలేదన్నారు. అప్పుడే అమ్మ చేతికి కట్టు కట్టి వచ్చాను. ఇంకేం చెప్పను?"

ఆయన సుత్తికి తల బిగించుకుని, మొనలు వంచడానికి తిరిగొచ్చారు. మేకు మొన వంచాలంటే అవతల దాని తలకు ఎవరో ఒకరు బరువు ఆనించాలి. లేకపోతే మేకు వెనక్కి జారిపోతుంది. ఆ పని భార్యకు పడింది. ఇనప దిమ్మ పట్టుకుని తమ పెరట్లో నిలబడిన ఆవిడ, భర్త ముఖం కనబడదు గనుక, వీధికంతా వినబడేలా అడిగింది.

"ఏవండీ, సాయానికి చిటికెన వేలు కదపని మనిషన్నారే, ఆవిడ పెరట్లో మీకేం పని?"

"గట్టిగా ఆనించు."

"ఆనించాను. ఎన్నున్నాయేంటి?"

"చాలా."

"చాలా అంటే?"

ఆయన పని సాగించారు. టోపీ తీయడం, మొన వంచడం, టోపీని జేబులో వేసుకోవడం. నేల మీద పారేయడానికి మనసొప్పలేదు, తిరిగి ఇవ్వడానికి మొహం చెల్లలేదు.

సగం పనయ్యేసరికి ముసలావిడ లేచి కంచె పట్టుకుంది. టోపీ తర్వాత టోపీ తడుముకుంటూ వచ్చి, బోడి చెక్క తగలగానే చెయ్యి చటుక్కున లాక్కుంది.

"అమ్మాయ్, ఇక్కడ టోపీలు ఊడిపోయాయే!"

"ఊడలేదమ్మా, మేకులు వంచేశాను. ఇప్పుడు నున్నగా ఉంది, పట్టుకోండి."

"కొట్టిందెవరు?"

"నేనే."

"వంచింది?"

"అదీ నేనే."

ముసలావిడ చెయ్యి వెనక్కే ఉంచుకుంది. "అయితే ముందు నువ్వు పట్టుకుని నడువు నాయనా. నేను వింటాను."

ఆయన సుత్తి కింద పెట్టి, వంచిన మేకుల మీద అరచెయ్యి ఆనించి నడిచారు. ముసలావిడ చెవి ఒగ్గింది. కొంత దూరం పోయాక ఆయన నోట్లోంచి ఒక చిన్న 'స్స్' బయటికొచ్చింది.

"అదిగో," అంది ముసలావిడ శాంతంగా, అరుగు వైపు తిరుగుతూ.

ఆయన చెయ్యి పంచెకు తుడుచుకుని, సుత్తి తీసుకుని, అదే మేకు దగ్గర కూర్చున్నారు.

"ఆనించవే," అన్నారు భార్యతో, పక్కవాళ్ళకు కూడా వినబడనంత మెల్లగా.