నేను పుట్టించిన చప్పుడు

డెబ్బై ఒకటి డిసెంబరులో మమ్మల్ని పంజాబ్ సరిహద్దున గోధుమ చేల మధ్య దించారు. పొద్దెక్కినా మంచు విడిచేది కాదు. ఒంటి మీద గ్రేట్ కోటు, వీపున వైర్‌లెస్ సెట్టు, బూట్ల కింద గడ్డకట్టిన బురద. సుబేదారు ఇచ్చింది ఒక్కటే ఆర్డరు: తవ్వండి. తవ్వాం. అరచేతులు పొక్కులెక్కాయి.

మా వంటవాడిది జక్రాన్‌పల్లి. నాది బోధన్ పక్క పల్లె. అంత దూరంలో మన జిల్లావాడు దొరికితే తమ్ముడు దొరికినట్టే. వాడు చిన్నప్పుడు మక్కచేలో మంచె మీద నిలబడి, వడిసెలతో రాళ్లు విసిరి పిట్టలను తోలినవాడు. ఫిరంగి గుండ్ల చప్పుళ్లకు పేర్లు వాడే పెట్టాడు.

"అన్నా, జుయ్యిమన్నదంటే మన మీదికెళ్లి దాటిపోయినట్టే. సర్రుమన్నదంటే మాత్రం పండుకోవాలె. ఒడిసెల రాయి లెక్కనే."

ఆ మాటలు ప్లటూన్ మొత్తానికి పట్టుబడ్డాయి. పంజాబీ గన్నరు కూడా "సర్ర్" అని అరిచేవాడు, అందరం బోర్లా పడేవాళ్లం. ఏ గుండు వచ్చిందని రేడియోలో సుబేదారు "క్యా ఆయా?" అంటే ఒకసారి "జుయ్యి, సాబ్" అన్నాను. తిట్టాడు. తర్వాత ఆయనే అడగసాగాడు, "జుయ్యి యా సర్ర్?" అని.

ఒక పొద్దున మా వంటవాడు చాయ్ కేటిల్ పట్టుకుని మా బంకరు వైపు వస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. ఏ చప్పుడూ లేదు. మట్టి లేచింది, అంతే. మోర్టారు గుండు ఒక్కోసారి అలాగే పడుతుందని సుబేదారు తర్వాత చెప్పాడు.

యుద్ధం ముగిశాక సెలవు మీద వచ్చాను. బోధన్ షక్కర్ ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్ల వరుస. కాంటా ఎక్కేదాకా బండివాళ్లకు పనేముంటుంది? నన్ను బండి మీద కూర్చోబెట్టి లడాయి ముచ్చట చెప్పమన్నారు. ఛీ, చెప్పడమా అది! ఆడి చూపించాను. విమానాలు రయ్యిమన్నాయి, తూటాలు రివ్వుమన్నాయి, ట్యాంకులు దడదడలాడాయి. వింటున్నవాళ్ల చేతుల్లో బీడీలు ఆరిపోయాయి. వంటవాడి దగ్గరికొచ్చేసరికి, చప్పుడు లేదంటే ముచ్చట చప్పబడుతుందనిపించింది.

"సర్రున వచ్చిందే! కేటిల్ గిర్రున తిరిగి అంత దూరం పడ్డది!"

"అబ్బో" అన్నారు. సిగ్గు లేదు నాకు, ఆ "అబ్బో" తియ్యగా తగిలింది.

గుంపులోంచి ఒక ముసలాయన లేచాడు. తలకు రుమాలు, భుజాన పసుపు మరకల సంచి.

"నేను వాని బాపును, బిడ్డా. నువ్వు సుట్టి మీద వచ్చినవంటే బస్సెక్కి వచ్చిన."

నేను బండి మీంచి దిగాను.

"సర్రున వచ్చిందంటివి గదా. మరి వాడెందుకు వంగలే? పక్క చేన్ల ఒడిసెల సప్పుడైతే పిట్టలు లేవకముందే వంగేటోడు. సోయి లేక నిలవడ్డడా? కావాలని నిలవడ్డడా? వాళ్లవ్వ అడుగుతది, ఏం చెప్పాలె?"

అందరూ నా మొహమే చూస్తున్నారు.

"సప్పుడు రాలే బాపూ. నేనే కల్పించిన. ఎవలకూ వినవడలే."

"మరి కేటిల్?"

"వాని చేతులనే ఉండె. నవ్వుకుంట వస్తుండె."

"గట్లనా" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. సంచి సర్దుకుని బండ్ల పక్కగా బస్సు దిక్కు నడిచాడు. అప్పుడే వరుస కదిలింది. ఎవరో ఎద్దుల మీద కొరడా ఝళిపించారు. సర్రుమంది. ముసలాయన రెండు చేతులూ తల మీద పెట్టుకుని చటుక్కున వంగిపోయాడు.

సెలవు అయిపోయింది, మళ్లీ డ్యూటీకి పోయాను, చివరికి పింఛను తీసుకుని ఇంటికొచ్చాను. సరిహద్దులో చూసినవి చాలా మరిచిపోయాను. ఇప్పుడెవరైనా లడాయి ముచ్చట అడిగితే చేతులు కట్టుకుని చెబుతాను. ఆ ఎండలో, చెరుకు ఆకుల మీద వంగిన ఆ వీపు నా కళ్ల ముందు ఇంకా లేవలేదు.