నా మీదికి వచ్చిన అమ్మవారు

ఆ రోజుల్లో మా చీపురుపల్లి వైపు ఎవరికైనా మనసు బాగోలేదంటే రెండే కారణాలు వెతికేవారు: దిష్టి తగిలిందా, పెళ్లి ఆలస్యమైందా అని. (నా విషయంలో రెండూ ఉన్నాయని ఎదురింటి పెద్దమ్మ తేల్చేసింది.) వైజాగులో ఫోన్లకి జవాబులు చెప్పే ఉద్యోగం నాది. పగలంతా ఎవరెవరివో తిట్లు విని, పడుకున్నాక వాటిని మళ్లీ మొదటినుంచి వినేదాన్ని. తిండి సయించదు, నిద్ర రాదు, ఏడుద్దామంటే ఏడుపూ రాదు. ఒకరోజు బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. ఏమైందని అమ్మ అడగబోయేది. అడిగేలోపే నేను కంచం ముందునుంచి లేచిపోయేదాన్ని.

అమ్మకి చెప్పకుండా శ్రీకాకుళంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మాత్రలు రాసి, కాగితం మీద మెదడు బొమ్మ గీసి (వంకాయలా వచ్చింది) ఓపిగ్గా చెప్పింది. మనం ఊరికే కూర్చున్నప్పుడు మెదడులో కొన్ని భాగాలు జట్టు కట్టి మన గురించే తలపోస్తుంటాయట, నిన్న ఏం జరిగింది, రేపేమవుతుంది, నేనెందుకిలా ఉన్నాను అని. ఆ జట్టు పేరు డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అట. దిగులు పట్టినవాళ్లని ఆ తలపోత ఒక పట్టాన వదలదట. మనసు పక్కకి పోయిందని గమనించి మళ్లీ ఊపిరి మీదికి తెచ్చుకోవడం అలవాటైతే, దాని జోరు కొంత తగ్గొచ్చట. "ఇది మందుకి బదులు కాదమ్మా, తోడు. ఏది వినిపించినా 'చప్పుడు' అనుకుని ఊరుకో. కళ్లు తెరవకు," అంది. చదువుకున్నదాన్ని కదా, పొల్లుపోకుండా పాటించాలనుకున్నాను.

ఆ మంగళవారం మా ఊళ్లో అమ్మవారి పండగ. అమ్మ నాకు తలంటి, ముఖానికీ కాళ్లకీ పసుపు రాసి, జుట్టు ఆరబెట్టుకోమని అరుగు మీద కూర్చోబెట్టింది. ఘటం మోసుకొచ్చేవాళ్ల కాళ్ల మీద పోయడానికి నీళ్లు తేవాలని బిందె పట్టుకు వెళ్లింది. వీధి మొదట్లో డప్పులు మోగుతున్నాయి. నా బుర్రలో నెట్‌వర్క్ అప్పటికే పనిలోకి దిగిపోయింది. సరేనని మఠం వేసుకుని, కళ్లు మూసుకుని, ముక్కుతో పొడుగ్గా పీల్చి నోటితో 'హూ' అని వదలసాగాను. విరబోసిన జుట్టు, పసుపు ముఖం, డప్పులు, ఆపైన హూంకారం. ఇవన్నీ ఒక్కచోట చేరితే మా వైపు ఏమనుకుంటారో నాకు తెలియక కాదు, తట్టలేదంతే.

"ఓలమ్మో! మన గుంట మీదికి అమ్మోరు వచ్చీసినాదర్రా!" అని పెద్దమ్మ కేక. (మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.) చప్పుడు, అనుకున్నాను. కాళ్ల మీద నీళ్లు పడ్డాయి. చేతిలో వేపమండ పెట్టారు. డప్పులవాళ్లు వచ్చి నా ముందే నిలబడి దంచేశారు. (అదీ చప్పుడే.) "మా గేదె పాలు ఎగ్గొట్టేస్తన్నాది, ఏటి సెయ్యమంతావు తల్లీ?" అంది పెద్దమ్మ. "బోరు ఏ మూల ఎయ్యమంతావు?" అన్నాడు పక్కింటి మావ. కళ్లు తెరిస్తే ఇది అమ్మవారు కాదు, జబ్బు అని వీధిలో అందరి ముందూ ఒప్పుకోవాలి. అంత ధైర్యం ఎక్కడిది? గత్యంతరం లేక "ఊపిరి పీల్చండి... వదలండి" అన్నాను. వీధి వీధంతా పీల్చి, వదిలింది. మావకి పొరబోయింది.

అంతలో నా కాళ్ల దగ్గర ఎవరో చతికిలబడ్డారు. గాజుల చప్పుడు బట్టే అమ్మ అని తెలిసింది.

"తల్లీ, నా పిల్ల నవ్వి సానాళ్లయినాది. ఏటైనాదంటే సెప్పదు. మెతుకులు కెలికీసి లెగిసిపోతాది. నానేటి సేసినానో నాకు తెలీదు. అది మళ్లా నవ్వుతాదా తల్లీ?"

దాన్ని చప్పుడు అనుకోవడం నా వల్ల కాలేదు. ఎన్నాళ్లుగానో రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. "నువ్వేటీ సెయ్యనేదు," అన్నాను కళ్లు మూసుకునే. "దానికి జబ్బు సేసినాది. మందులేసుకుంతన్నాది. నవ్వుతాది. కొంచెం టైము పడతాది."

"అమ్మోరు టైము అంతాదేటి?" అని పెద్దమ్మ అనుమానపడింది.

"నువ్వూరుకో అక్కా," అంది అమ్మ. "ఎంత టైమైనా పరవానేదు తల్లీ."

ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ రోజూ పొద్దున్నే ధ్యానానికి కూర్చుంటాను (గదిలో, తలుపేసుకుని, జడ వేసుకుని). డాక్టరమ్మ మాత్రలు తగ్గించింది గానీ పూర్తిగా మాన్పించలేదు. దిగులు చెప్పాపెట్టకుండా వస్తూనే ఉంటుంది, వచ్చినప్పుడు పొద్దు పోవడం కష్టంగానే ఉంటుంది. కాకపోతే ఇప్పుడు దాన్ని వచ్చిందని పోల్చుకోగలను, అమ్మకి చెప్పగలను. మొన్న అమ్మ బచ్చలి కాడలు తుంచుతుంటే అడిగాను, ఆ రోజు నిజంగా అమ్మవారే అనుకున్నావా అని.

"నా గుంటని నాను పోల్సుకోనేటే?" అంది తలెత్తకుండా. "నిన్నడిగితే నువ్వు లెగిసిపోతావు. ఆ రోజొక్కనాడే కదలకండా కూకున్నావు. అందుకే అడిగీసినాను."

వీధినంతా నమ్మించేశాననుకుని కళ్లు గట్టిగా మూసుకు కూర్చున్న ఆ పసుపు ముఖం పిల్ల కళ్లముందు కదిలి, నాకు నవ్వాగలేదు. అమ్మ అప్పుడు తలెత్తి చూసింది.